సాలీడు ఇల్లు బలహీనమెందుకు?

కిందటేడు వానలు వెనకబట్టిన రోజుల్లో మార్కాపురంలో ఒక నికాహ్‌కు వెళ్లాం. ఈజాబ్, ఖబూల్ ముగిశాయి. ఖర్జూరాలు పంచేలోపు ఒక యువకుడు మైకు అందుకుని పది నిమిషాలు మాట్లాడాడు. మంచి గొంతు, మంచి ఉత్సాహం. దివ్యఖుర్ఆన్‌లోని అన్కబూత్ సూరా ప్రస్తావన తెచ్చాడు. ఇళ్లన్నిటిలోకీ బలహీనమైనది సాలీడు ఇల్లని అల్లాహ్ సెలవిచ్చాడు కదా, అది ఎందుకు బలహీనమో పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత సైన్సు కనిపెట్టిందన్నాడు. జత కట్టడం అయిపోగానే ఆడ సాలీడు మగదాన్ని చంపి తినేస్తుందట. ఆ ఇంట్లో పెత్తనం ఆడదానిదేనట, అందుకే అది నిలవని ఇల్లట. అరబీ వాక్యంలో క్రియ స్త్రీలింగంలో ఉండటమే ఇందుకు రుజువట. "కాబట్టి తమ్ముడూ, కాస్త జాగ్రత్త!" అని పెళ్లికొడుకు వైపు చూసి నవ్వాడు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం.

పరదా అవతల ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెళ్లికూతురూ అక్కడే ఉంది.

మూడు రోజుల తర్వాత అసర్ నమాజు అయ్యాక ఒక కుర్రవాడు మా చేతిలో మడతపెట్టిన కాగితం పెట్టాడు. "మా ఆపా మీకిమ్మంది" అన్నాడు. డిగ్రీ చదివిన అమ్మాయి. ఆమెకూ సంబంధాలు చూస్తున్నారు. ఆ రోజు పరదా అవతల కూర్చుని విన్నవారిలో తనూ ఉంది. కాగితంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది: అల్లాహ్ నిజంగా ఆ వాక్యం భార్యల గురించే చెప్పాడా? అదే నిజమైతే మేము ఏ ఇంట అడుగుపెట్టినా ఆ ఇంటికి బలహీనతేనా? రెండో ప్రశ్న చిన్నది, దాని సంగతి తర్వాత చెబుతాం.

ఆ కాగితం చదివాక మాకు సిగ్గనిపించింది. ఎందుకంటే ఆ యువకుడు చెప్పిన మాట కొత్తదేమీ కాదు. పన్నెండేళ్ల కిందట ఒక జుమా ప్రసంగంలో మేమే చెప్పాం. ఎక్కడో చదివాం, వినసొంపుగా ఉందనిపించింది, వెనకా ముందూ చూడకుండా మింబర్ మీద నుంచి చెప్పేశాం. ఆ రోజు ఎంతమంది మగవాళ్లు ఆ మాటను ఇంటికి మోసుకెళ్లి భార్యల ముందు పెట్టారో అల్లాహ్‌కే తెలుసు. కనుక ఇది ఆ అమ్మాయికి జవాబు మాత్రమే కాదు, మా తౌబా కూడా.

వాక్యం చెబుతున్నదేమిటి?

అన్కబూత్ సూరా తెరిచి 41వ వాక్యానికి ముందున్న పేజీలు చదవండి. హజ్రత్ నూహ్, ఇబ్రాహీమ్, లూత్, షుఐబ్ (అలైహిముస్సలామ్) ప్రస్తావనలు వరుసగా వస్తాయి. ఆద్, సమూద్ జాతులు వస్తాయి. ఖారూన్, ఫిరౌన్, హామాన్ వస్తారు. వీళ్లందరికీ ఏదో ఒక దన్ను ఉంది. ఒకడికి నిధి, ఒకడికి సైన్యం, ఒక జాతికి కొండల్లో తొలిచిన ఇళ్లు. అవేవీ అల్లాహ్ పట్టు నుంచి వాళ్లను కాపాడలేదు. ఆ తర్వాతే సాలీడు ఉపమానం వస్తుంది. అల్లాహ్‌ను వదిలి ఇతరులను సంరక్షకులుగా చేసుకున్నవారి పరిస్థితి ఇల్లు కట్టుకున్న సాలీడు లాంటిదని దాని సారాంశం. వెంటనే తర్వాతి వాక్యం, వాళ్లు అల్లాహ్‌ను కాదని దేన్ని వేడుకుంటున్నారో ఆయనకు తెలుసునంటుంది. ముందూ వెనకా ఎక్కడా నికాహ్ మాట లేదు, భార్యాభర్తల మాట లేదు. అది షిర్క్ గురించిన ఉపమానం.

మరి ఆ ఇల్లు ఎందుకు బలహీనం? పూర్వపు తఫ్సీర్ కర్తలు దీనికి చెప్పిన కారణం ఎంతో సూటిగా ఉంది. అది ఎండ ఆపదు, చలి ఆపదు, వాన ఆపదు. చెయ్యి తగిలితే తెగిపోతుంది. అంతే. దీన్ని అర్థం చేసుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు, చూరు కింద గూడును చూసిన ఏ పల్లెటూరి మనిషికైనా అర్థమవుతుంది. బరువుకు బరువు పోల్చితే సాలీడు దారం ఉక్కుకన్నా గట్టిదని ఇప్పుడు తేలింది, నిజమే. కానీ దారం గట్టిదైనంత మాత్రాన అది ఇల్లుగా పనికిరాదు కదా. మనం నమ్ముకున్న వస్తువుకు దాని మట్టుకు దానికి బలం ఉండవచ్చు, మనల్ని కాపాడే బలం మాత్రం దానికి లేదు.

ఇక స్త్రీలింగం సంగతి. అరబీలో అన్కబూత్ అన్న పదాన్ని ఎక్కువగా స్త్రీలింగంగా వాడతారు. అందుకని క్రియ కూడా అలాగే వచ్చింది. అరబీలో సూర్యుడు స్త్రీలింగమే, భూమి స్త్రీలింగమే, నిప్పు స్త్రీలింగమే. అంతెందుకు, మన తెలుగు చూడండి. "అక్క వచ్చింది" అంటాం, "బస్సు వచ్చింది" అంటాం. క్రియ ఒకటే. దాన్ని బట్టి మార్కాపురం బస్సు ఆడదని ఎవరైనా వాదిస్తారా?

అసలు ఈ వాదన అంతా ఒక్క మాటతో తేలిపోవలసింది. పన్నెండేళ్ల కిందట మాకు ఆ మాట గుర్తు రాలేదు. నిసా సూరా 21వ వాక్యంలో అల్లాహ్ వివాహాన్ని మీసాఖన్ గలీజా అన్నాడు. అంటే దృఢమైన ఒడంబడిక. ప్రవక్తల నుంచి తాను తీసుకున్న ప్రమాణానికి అహ్‌జాబ్ సూరాలో వాడిన పదాలు కూడా ఇవే. ఏ బంధాన్నైతే అల్లాహ్ స్వయంగా దృఢమైనదన్నాడో, దాన్నే మనం మైకులో అన్నిటికన్నా బలహీనమైన ఇల్లు అన్నాం. అదీ ఇద్దరు మనుషులు ఆ ఒడంబడికలో అడుగుపెట్టిన అయిదు నిమిషాలకే.

ఆ ప్రాణి వైపు కూడా న్యాయంగా చూద్దాం

అలాగని ఆడ సాలీడు మగదాన్ని తింటుందన్నది అబద్ధమా? కాదు. సగం నిజం. ఖుర్ఆన్ మీద సగం నిజాన్ని మోపడం తప్పయినట్టే, అల్లాహ్ సృష్టించిన ప్రాణి మీద మోపడమూ తప్పే. కాబట్టి ఆ సంగతేమిటో కాస్త నిదానంగా చూద్దాం.

గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు వెళ్తుంటే రోడ్డు పక్క కంచెల మీద, పొదల మధ్య, వానలు తగ్గిన రోజుల్లో బండి చక్రంలా గుండ్రంగా అల్లిన గూళ్లు కనిపిస్తాయి. గూడు నడిమధ్యన తలకిందులుగా కూర్చుని కనిపించేది ఆడది. ఎనిమిది కాళ్లను జంటలు జంటలుగా కలిపి, నాలుగే కాళ్లున్నట్టు గుణకారపు గుర్తులా చాచి కూర్చుంటుంది. ఒంటి మీద పసుపు, వెండి రంగు పట్టీలు. గూట్లో తెల్లదారంతో వంకరటింకర కుట్టు ఉంటుంది, పలక మీద పిల్లవాడు గీసినట్టు. అందుకే ఇంగ్లీషులో దాన్ని సంతకం సాలీడంటారు. శాస్త్రంలో ఆ జాతి పేరు ఆర్జియోపి. ఇంకా అడవి లోపలికి పోతే నెఫిలా అనే పెద్ద సాలీడు ఉంటుంది. దాని దారం ఎండలో బంగారు రంగులో మెరుస్తుంది.

ఆ గూటి అంచున ఒక్కోసారి గోధుమరంగు పురుగొకటి అతుక్కుని ఉంటుంది. పిల్ల కాబోలు అనుకుంటాం. అది పిల్ల కాదు, మగది. నెఫిలాలో ఆడదాని ఒళ్లు నాలుగైదు సెంటీమీటర్లుంటే మగది అర సెంటీమీటరు చిల్లర.

ఆ మగదాని ప్రయాణం వినదగినది. ఆఖరి కుబుసం విడిచి పెద్దదయ్యాక అది వేటకు గూడు అల్లడం మానేస్తుంది. తనకు తిండి పెట్టే ఇంటిని వదిలి బయల్దేరుతుంది. ఆడదాని దారానికి ఉండే ప్రత్యేకమైన వాసన దానికి దారి చూపుతుంది. పక్షుల పాలు, చీమల పాలు కాగా చాలా మగవి గమ్యం చేరకుండానే అయిపోతాయి. చేరినది ముందు ఒక చిన్న దారపు పట్టీ అల్లి, తన బీజాన్ని దాని మీద ఉంచి, నోటి పక్కనుండే రెండు స్పర్శాంగాలలోకి తీసుకుంటుంది. అప్పుడు గూటి అంచున నిలబడి దారాన్ని మీటుతుంది. ఎందుకంటే ఆడదానికి చూపు అంతంత మాత్రం. దానికి లోకమంతా దారంలో వచ్చే కదలికే. చిక్కుకున్న ఈగ కొట్టుకునే కదలిక వేరు, వచ్చినవాడు మీటే లయ వేరు. ఆ తేడా చెప్పలేని మగది ఈగతో సమానం. ఇతరుల ఇంట సలాం చెప్పి అనుమతి పొందకుండా అడుగు పెట్టవద్దని నూర్ సూరాలో మనకు ఆజ్ఞ ఉంది. మనలో ఎంతమందిమి పాటిస్తున్నామో గానీ, ఆ పురుగు మాత్రం పాటిస్తుంది.

ఆ తర్వాత జరిగేది జాతిని బట్టి మారుతుంది. ఇది మైకు ముందు ఎవరూ చెప్పని భాగం. యూరప్ నుంచి ఆసియా దాకా కనిపించే ఒక ఆర్జియోపి జాతిలో, జత కట్టిన పది సెకన్లలోపు దూకి తప్పుకున్న మగవి చాలావరకు బతుకుతాయి, అంతకన్నా ఆగినవి ఎక్కువగా ఆడదానికి ఆహారమవుతాయి. మరి ఆగడమెందుకు? ఆగినకొద్దీ పుట్టే సంతానం తనదయ్యే అవకాశం పెరుగుతుంది కనుక. అమెరికాలోని మరో ఆర్జియోపి జాతి సంగతి ఇంకా వింత. రెండో స్పర్శాంగం చేర్చిన క్షణంలోనే మగదాని గుండె దానంతటదే ఆగిపోతుంది. ఆడది ముట్టుకోకముందే మరణం. చచ్చిన ఆ శరీరం అక్కడే ఉండిపోయి ఇంకో మగది రాకుండా అడ్డుపడుతుంది. ఇక్కడ హంతకురాలు ఎవరు?

నెఫిలా మగది వేరే పద్ధతి పాటిస్తుంది. ఆడదాని వీపు మీద తిరుగుతూ సన్నటి దారం పరుస్తుంది. ఆ స్పర్శతో ఆడది నెమ్మదిస్తుందనీ, మగదాని మీద దాడి తగ్గుతుందనీ సింగపూర్ నెఫిలాల మీద 2011లో వచ్చిన అధ్యయనం చూపింది. చైనాలో 2022లో మరొకటి వెల్లడైంది. గుంపుగా బతికే ఒక చిన్న సాలీడు జాతిలో మగది ముందు కాళ్లను మడిచి, జత ముగియగానే గుల్లేరు నుంచి వెలువడ్డ రాయిలా ఎగిరిపోతుంది. అలా ఎగిరిన 152 మగవీ బతికాయి. ఎగరని మూడింటినీ ఆడవి పట్టి తిన్నాయి. మన కంభం చెరువు కింది వరిమళ్లలాంటి చోట్ల పొడుగాటి దవడల సాలీళ్లుంటాయి. వాటిలో మగది ఆడదాని దవడల్ని తన దవడలతో గొళ్లెం వేసినట్టు పట్టుకుంటుంది, ఇద్దరికీ హాని లేకుండా జత ముగుస్తుంది. కాబట్టి సాలీడంటే మొగుణ్ని తినేదన్నమాట సాలీళ్లన్నిటికీ చెల్లదు.

మన ప్రాంతానికే గర్వకారణమైన సాలీడు ఒకటుంది. నీలం రంగుది, అరచేయంత ఉంటుంది. ఇది గుండ్రటి గూడు అల్లదు, చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడును చూసి పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. తర్వాత వందేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో మళ్లీ కనిపించింది ఎక్కడో కాదు, నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ ఉన్న అడవిలో. దిగువమెట్ట మీదుగా పోయే రైల్లో మనం కునుకు తీసే ఆ అడవిలోనే. ప్రపంచంలో దాని నివాసం చాలా కొద్ది చోటే. వంటచెరకు కోసం చెట్లు కొట్టేస్తున్నందువల్లా, అందం చూసి పట్టుకెళ్లి అమ్ముకునేవాళ్ల వల్లా అది అంతరించే అంచున ఉందని 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ప్రకటించింది. దానిలోనూ మగదాని ఆయువు మూడు నాలుగేళ్లు, ఆడదానిది పదకొండు పన్నెండేళ్లు. ఆడది తిన్నా తినకున్నా మగదానికి రాసిన ఆయువు అంతే.

ఇంకొక్క మాట. కుప్పం పరిసరాల్లో ముళ్లకంపల మీద గుంపులుగా, చింపిరి గూళ్లలో బతికే సాలీళ్లున్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని అక్కడ బాగా అధ్యయనం చేశారు. ఆ జాతిలో పిల్లలు కాస్త ఎదిగాక తల్లి తన శరీరాన్నే వాటికి ఆహారంగా వదిలేస్తుంది. మగదాన్ని తినే సాలీడు గురించి చెప్పేవాళ్లు పిల్లలకు ఆహారమయ్యే ఈ సాలీడు గురించి ఎన్నడూ చెప్పరు. మేమూ చెప్పలేదు.

భూమ్మీద నడిచే, రెక్కలతో ఎగిరే ప్రాణులన్నీ మీలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా తెలుపుతోంది. ప్రతి ప్రాణికీ తన నమాజు, తన స్తుతి తెలుసునని నూర్ సూరా తెలుపుతోంది. సాలీడుకు అల్లాహ్ ఒక పద్ధతి నేర్పాడు, అది దాన్ని దాటదు. ఆడది మగదాన్ని తిన్నప్పుడు అందులో కక్ష లేదు, అహంకారం లేదు, పాపం లేదు. దానికి లెక్క చెప్పవలసిన దినం లేదు. మనకుంది.

వణుకుతూ ఇంటికి వచ్చిన భర్త

ఇల్లాలిని చూసి భయపడమని పెళ్లికొడుక్కి చెప్పిన సభలో ఎవరికీ గుర్తు రాని సంఘటన ఒకటుంది. హిరా గుహలో తొలిసారి దైవవాణి అవతరించినప్పుడు దైవప్రవక్త (స) వణికిపోతూ గుహ దిగారు. ఆయన ఎవరి దగ్గరికి వెళ్లారు? మక్కాలో ఆయనకు బాబాయిలున్నారు, స్నేహితులున్నారు. తిన్నగా ఇంటికి, హజ్రత్ ఖదీజా (రజి) దగ్గరికి వెళ్లారు. తన మీద దుప్పటి కప్పమన్నారు. ఆమె కప్పారు. భయం తగ్గేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. తర్వాత తనకేమవుతుందోనన్న భయం ఆయన చెప్పుకున్నప్పుడు, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానపరచడని ఆమె ధైర్యం చెప్పారు. ఊరికే చెప్పలేదు. మీరు బంధుత్వాలు కలుపుతారు, నిస్సహాయుల భారం మోస్తారు, అతిథిని ఆదరిస్తారు అని ఒక్కొక్కటీ ఎత్తి చెప్పారు. పదిహేనేళ్లుగా పక్కనుండి చూసిన మనిషి మాత్రమే చెప్పగలిగిన మాటలవి. ఈ ఉమ్మత్‌కు దొరికిన తొలి ఆశ్రయం ఒక ఇల్లాలి ఇల్లు.

అమ్మా, నీ మొదటి ప్రశ్నకు మా జవాబు ఇదే. నువ్వు వెళ్లబోయే ఇంటికి నువ్వు బలహీనతవు కావు. రూమ్ సూరా 21వ వాక్యం తీసి చదువుకో. జంటలను సృష్టించడం, వారు ఒకరి వద్ద ఒకరు నెమ్మది పొందడం, వారి నడుమ ప్రేమనూ దయనూ ఉంచడం తన సూచనల్లో ఒకటని అల్లాహ్ అక్కడ తెలిపాడు. సాలీళ్ల నడుమ ఆయన ఉంచినది ఒకటి, మన నడుమ ఉంచినది ఇంకొకటి. సాలీడును చూపించి మనుషుల దాంపత్యానికి సూత్రాలు రాసేవాడు ఆ రెంటినీ కలగలిపేస్తున్నాడు.

తినేది ఎవరు?

ఇంతవరకు రాశాక కలం పక్కన పెట్టి ఆ పెళ్లి హాలును మళ్లీ గుర్తు చేసుకున్నాం. ఆడది మగవాణ్ని తింటుందని నవ్వుకున్న ఆ హాలుకు అద్దె కట్టిందెవరు? పెళ్లికూతురు తండ్రి. బిర్యానీ ఎవరిది? ఆయనదే. బయట అలంకరించి నిలబెట్టిన మోటారు సైకిలు? అదీ ఆయనదే. ఆయన చేతులు మేము చూశాం. ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసిన చేతులు. దేశంలో ఎంతమంది పిల్లలు మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నారో! నోటు పుస్తకాలొచ్చి పలకకు గిరాకీ తగ్గాక మన వాళ్లు కొందరు బెంగుళూరు, హైదరాబాదు కూలికి పోతున్నారు, కొందరు గల్ఫ్‌కు పోతున్నారు. ఆయన పోలేదు, వయసైపోయింది. జోడా డబ్బు కోసం ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మారు. మిగిలింది వడ్డీకి తెచ్చారు. రిబా హరామని ఆయనకు తెలియక కాదు.

మన ప్రాంతంలో మగపిల్లవాడి ఇల్లే ఆడపిల్ల తండ్రిని తింటోంది. సాలీడు ఆకలికి తింటుంది, ఒక్కసారి తింటుంది. మనం కడుపు నిండి ఉండగానే తింటాం. నికాహ్‌కు ముందు తింటాం, పండగకు తింటాం, తొలి కాన్పుకు తింటాం.

మహర్ మాటేమిటి? దాన్ని స్త్రీలకు మనసారా ఇవ్వమని నిసా సూరా 4వ వాక్యం ఆజ్ఞాపిస్తోంది. ఇచ్చేవాడు మగవాడు, పుచ్చుకునేది ఆమె. ఆ డబ్బు ఆమె తండ్రిదీ కాదు, అత్తదీ కాదు. మన నికాహ్ రిజిస్టర్లలో ఏముంటోంది? తర్వాత ఇస్తానని ఒక అంకె రాయిస్తారు. ఆ తర్వాత అనేది జనాజా దాకా రాదు. భర్త చనిపోయాక, మయ్యిత్ పక్కన ఏడుస్తున్న ఆమె చెవిలో "మహర్ మాఫ్ చేశానను" అని పెద్దమ్మలు నూరిపోయడం మన కళ్లతో చూశాం. యూరప్‌లో ఒక సాలీడు ఉంది. మగది ఈగను దారంతో చుట్టి ఆడదానికి కానుకగా తెస్తుంది. కొన్ని మగవి లోపల పనికిరాని పుల్లో, తినేసిన ఈగ పొట్టో పెట్టి, పైన మాత్రం దారం అందంగా చుట్టి తెస్తాయి. ఆ పురుగుకు పాపం లేదన్నాం కదా. రిజిస్టరులో అంకె చుట్టిపెట్టి లోపల ఏమీ ఉంచని మనకు ఆ మినహాయింపు లేదు.

కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని దేశంలో 1961లోనే చట్టం వచ్చింది. చట్టానికి భయపడనివాళ్లు అల్లాహ్‌కు భయపడతారనుకుంటే అక్కడా నిరాశే. జోడా డబ్బు పుచ్చుకున్న చేతులతోనే ముందు వరుసలో నిలబడి తక్బీర్ కడుతున్నాం.

ఇక్కడే అన్కబూత్ వాక్యం నిజంగా మన ఇళ్లకు తగులుతుంది. అయితే మైకులో చెప్పిన చోట కాదు, వేరే చోట. సంబంధం చూడబోయి మనం దేని మీద భరోసా పెడుతున్నాం? పిల్లవాడి దీన్ గురించి ఒక్క ప్రశ్న వేసి, అతని జీతం గురించి పది వేస్తున్నాం. ఎంత బంగారం పెడితే కూతురు అంత సురక్షితమని నమ్ముతున్నాం. ఎన్ని తులాలు పెట్టి పంపినా ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్లలు గిద్దలూరులో లేరా, కంభంలో లేరా? ఆ బంగారం గట్టి లోహమే. ఇల్లుగా మాత్రం అది ఎండ ఆపలేదు, వాన ఆపలేదు.

ఆ యువకుడి దగ్గరికి మేమే వెళ్లాం. మా ప్రసంగం విని నేర్చుకున్నాడేమోనన్న అనుమానం ఒకటి లోపల ఉంది. అడిగే ధైర్యం లేకపోయింది. 41వ వాక్యం ముందూ వెనకా ఇద్దరం కలిసి చదివాం. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "హజ్రత్, నాకు నిశ్చితార్థం అయింది. మా అమ్మ రెండు లక్షలకు ఒప్పించింది" అన్నాడు. తిరిగి ఇచ్చేస్తానని అతను అనలేదు, మేమూ ఒత్తిడి చేయలేదు. నిసా సూరా 4వ వాక్యం తల్లికి చదివి వినిపించమని మాత్రం చెప్పి లేచాం. తర్వాత రెండు జుమాలకు అతను మా మస్జిద్‌కు రాలేదు. మూడో జుమాకు వచ్చాడు. తల్లి మూడు రోజులు మాట్లాడలేదట. ఇప్పుడు సగం తిరిగి ఇచ్చేద్దామంటోందట. మిగతా సగం కోసం అతను ఇంకా పోరాడుతున్నాడు. అతనికోసం దుఆ చేయండి.

ఇక ఆ అమ్మాయి రెండో ప్రశ్న. రమజానుకు ముందు ఇల్లు దులిపేటప్పుడు సాలెగూళ్లు తీయబోతే వాళ్ల నానీమా ఒప్పుకోదట. దైవప్రవక్త (స) సౌర్ గుహలో ఉన్నప్పుడు గుహ ముఖాన సాలీడు గూడు అల్లి శత్రువులను మళ్లించిందనీ, ఆ రుణం మనం తీర్చుకోవాలనీ ఆమె మాట. ఆ గూటి సంగతి ముస్నద్ అహ్మద్‌లోని ఒక ఉల్లేఖనంలో ఉంది. దాని పరంపర బలం విషయంలో హదీసు పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. సందేహం లేనిది తౌబా సూరా 40వ వాక్యం. గుహలో ఆయనపై అల్లాహ్ ప్రశాంతత దింపాడు, కంటికి కనబడని సేనలతో సహాయం చేశాడు. గూటి వల్ల కాదు, అల్లాహ్ వల్ల కాపాడబడ్డారు. నానీమా ప్రేమ మాత్రం మంచిదే, ఆమెతో వాదించవద్దు.

ఇంట్లో గూళ్లు దులపడంలో తప్పు లేదు, శుభ్రత మన దీన్‌లో భాగం. చంపవద్దని హదీసులో పేర్కొన్న నాలుగు ప్రాణుల్లో, అంటే చీమ, తేనెటీగ, హుద్‌హుద్, సురద్ పిట్టల్లో, సాలీడు లేదు. అయినా హాని చేయని ప్రాణిని ఊరికే చంపడమెందుకు? దోమల్ని కూడా అది తింటుంది. చీపురు మీదికి ఎక్కించుకుని పెరటి గోడ అవతల వదిలేయమని తమ్ముడి చేత చెప్పి పంపాం. గూటిలో తెల్లటి సంచి ఉంటే అవి గుడ్లని, దాన్నీ జాగ్రత్తగా తీసి ఏ కంచె మీదో పెట్టమని చెప్పాం.